పొల్లు, సున్న, సంకేత సంఖ్య: మూలభాషా పదాల టైపింగుపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

మత్తయి 5:18లో గ్రీకు మూలం రెండు అతి చిన్న వస్తువులను పేర్కొంటుంది. ఒకటి యోటా, రెండవది కెరాయియా. యోటా అన్న మాట వెనుక హెబ్రీ, అరామిక్ వర్ణమాలలో అన్నిటికంటె చిన్నదైన యోద్ అనే అక్షరం ఉన్నదని వ్యాఖ్యాతలు చెబుతారు. కెరాయియా అంటే కొమ్ము, అనగా అక్షరానికి ఉండే చిన్న మొన. తెలుగు అనువాదకులు ఈ రెండు మాటలనూ గ్రీకులో ఉన్నట్టే దింపలేదు. మన లిపిలోని రెండు చిన్న గుర్తులను తీసుకొని ‘పొల్లు’, ‘సున్న’ అన్నారు. సున్న పోతే పంది పది అవుతుందని, పొల్లు పోతే హల్లుకు అచ్చు వచ్చి చేరుతుందని బడిలో చదువుకున్న ప్రతివారికీ తెలుసు. కనుక ఆ అనువాదం వివరణ అవసరం లేకుండానే పాఠకుని మనసుకు తాకుతుంది.

ప్రస్తుత వ్యాసం ఆ వచనానికి వ్యాఖ్యానం కాదు. వేదాంత విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలలోను, తెలుగు వేదాంత రచనలలోను హెబ్రీ, గ్రీకు పదాలు, వాటి లిప్యంతరీకరణలు కంప్యూటరుపై ఏ విధంగా టైపు అవుతున్నాయో పరిశీలించడం దీని ఉద్దేశం. కీబోర్డుపై లేని అక్షరాన్ని ఒక సంకేత సంఖ్యతోనో, రెండు మూడు మీటల కలయికతోనో రప్పించే పద్ధతి నేడు అందరికీ అందుబాటులో ఉన్నది. ఈ సౌకర్యం మేలైనదే. అయితే దానిని వాడేటప్పుడు మనం పాటించే ప్రమాణం ఒక్కటే: కాగితం మీద సరిగా కనబడితే చాలు. ఈ ప్రమాణం చాలదని, పాఠ విమర్శను బోధించే సంస్థలకు ఇది తగదని ఈ వ్యాసం వాదిస్తుంది.

1. కనబడే అక్షరం, ఉన్న అక్షరం

యూనికోడ్ పద్ధతిలో ప్రపంచ లిపులలోని ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక సంఖ్య కేటాయించబడింది. హెబ్రీ ఆలెఫ్‌కు 1488, అయిన్‌కు 1506. (ఈ వ్యాసంలో ఇచ్చిన సంకేతాలు ఒక్క చోట తప్ప అన్నీ దశాంశ పద్ధతిలోనివి.) కంప్యూటరు దాచుకునేది ఈ సంఖ్యనే. తెరమీద కనబడే ఆకారం ఆ సంఖ్యకు ఫాంటు తొడిగిన దుస్తు మాత్రమే.

యూనికోడ్ వ్యాప్తికి రాక మునుపు పరిస్థితి వేరు. స్కాలర్స్ ప్రెస్ వారి ఎస్‌పీ టైబీరియన్, ఎస్‌పీ అయోనిక్ వంటి ఫాంట్లలో లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరమే. దానిపై హెబ్రీ ఆకారమో గ్రీకు ఆకారమో గీయబడి ఉండేది. ఫాంటు మారిస్తే వాక్యమంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుసగా తేలేది. తెలుగులో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాల స్థితి కూడా ఇదే. ఆ రోజుల్లో అచ్చు కాగితమే తుది రూపం కనుక, కనబడే ఆకారమే అక్షరమని భావించడంలో పెద్ద నష్టం లేదు. నేడు వ్యాసం అచ్చు కాకముందూ, అచ్చయిన తరువాతా ఫైలుగానే చేతులు మారుతున్నది. దానిలో పదాలు వెతుకుతాము, అందులోనుండి మాటలు ఎత్తి మరొక చోట పెడతాము. ఇప్పుడు ఆకారం ఒకటై, లోపలి సంఖ్య వేరైతే అది పాఠ దోషమే.

2. రెండు ‘ఓర్’లు

ఆదికాండము 1:3లో వెలుగుకు వాడిన హెబ్రీ పదం ఆలెఫ్‌తో మొదలవుతుంది. ఆదికాండము 3:21లో చర్మపు చొక్కాయిల ప్రస్తావనలో చర్మానికి వాడిన పదం అయిన్‌తో మొదలవుతుంది. తక్కిన అక్షరాలు, అచ్చుల ఉచ్చారణ ఒక్కటే. తెలుగు లిపిలో రెండూ ‘ఓర్’ అనే వస్తాయి. ఈ సామ్యం పూర్వులకు తెలియనిది కాదు. రబ్బీ మేయీరు ధర్మశాస్త్ర ప్రతిలో ‘వెలుగు వస్త్రములు’ అని ఉన్నట్టు బెరేషీత్ రబ్బా 20:12 చెబుతుంది. ఒక్క అక్షరం మారితే ఆదాము హవ్వల వస్త్రం చర్మం నుండి వెలుగుకు మారుతుంది. ఆ పాఠాంతరంపై ఒక వ్యాఖ్యాన సంప్రదాయమే నిలిచింది.

ఈ తేడాను చూపడానికి పండితులు రోమన్ లిప్యంతరీకరణలో రెండు అర్ధవలయ గుర్తులు వాడతారు. ఆలెఫ్‌కు కుడివైపు వంపు తిరిగిన గుర్తు, అయిన్‌కు ఎడమవైపు వంపు తిరిగిన గుర్తు. మొదటిది ముగింపు ఉద్ధరణ చిహ్నాన్నీ, రెండవది ప్రారంభ ఉద్ధరణ చిహ్నాన్నీ పోలి ఉంటాయి. సంకేత సంఖ్యలు 702, 703. కీబోర్డుపై ఇవి లేవు కనుక చాలామంది వీటికి బదులు నిటారుగా ఉండే అపాస్ట్రఫీ మీటను నొక్కుతారు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఉద్ధరణ చిహ్నాలను తనంతట తానే దిద్దే ఏర్పాటు ఉన్నది. పదానికి ముందు వచ్చిన అపాస్ట్రఫీని అది ప్రారంభ చిహ్నంగా మారుస్తుంది. పదం మధ్యలోనో చివరనో వచ్చినదానిని ముగింపు చిహ్నంగా మారుస్తుంది. కాబట్టి రచయిత పదం మొదట ఆలెఫ్ అనుకొని కొట్టిన గుర్తు అయిన్ గుర్తులా తేలుతుంది. వెలుగు అని రాయబోతే చర్మం అని పడుతుంది. పదం మధ్యలో అయిన్ రావలసిన చోట ఆలెఫ్ వస్తుంది. హెబ్రీ తెలియని పాఠకుడు దీనిని గుర్తించలేడు. తెలిసిన పాఠకుడు రచయితకు హెబ్రీ రాదనుకుంటాడు. నిజానికి తప్పు చేసినది మధ్యలో ఉన్న యంత్రం, దానిని చూడక వదిలినది రచయిత.

పాఠ విమర్శలో మనం ఒక సూత్రం బోధిస్తాము. లేఖకులు కఠినమైన పాఠాన్ని తమకు తెలిసిన సులభమైన పాఠంగా దిద్దే స్వభావం కలవారు. కనుక రెండు పాఠాలు ఎదురైనప్పుడు కఠినతరమైనదే మూలానికి దగ్గర కావచ్చు. వర్డ్‌లోని స్వయంచాలక దిద్దుబాటు సరిగ్గా అలాంటి లేఖకుడే. అతనికి హెబ్రీ రాదు, ఇంగ్లీషు వాక్యాల అలవాటు మాత్రం ఉన్నది. ప్రాచీన లేఖకుని ప్రతి అక్షరాన్నీ శంకించే పరిశోధకుడు ఈ లేఖకుని మాత్రం కళ్లు మూసుకొని నమ్మడం వింత.

నివారణ కష్టమైనది కాదు. వర్డ్‌లో ఆల్ట్ మీటను నొక్కి పట్టి, కుడివైపు అంకెల మీటలపై 702 లేక 703 కొడితే సరైన గుర్తు వస్తుంది. అంకెల మీటలు లేని ల్యాప్‌టాప్‌లో షోడశాంశ రూపమైన 02బీఈ లేక 02బీఎఫ్ ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కాలి. ఇందులో రెండు జాగ్రత్తలు అవసరం. వచన సంఖ్య ప్రక్కన ఖాళీ లేకుండా సంకేతం కొడితే ఆ వచనపు అంకెలు కూడా సంకేతంలో కలిసిపోతాయి. వర్డ్ కాక వేరొక ప్రోగ్రాములో ఆల్ట్‌తో దశాంశ సంఖ్య కొడితే సంబంధంలేని మరొక గుర్తు రావచ్చు.

3. సున్న

ఇది హెబ్రీకి మాత్రమే పరిమితమైన సమస్య అనుకోరాదు. ఈ రెండు పదాలు చూడండి: సంఘం, స౦ఘ౦. చాలా ఫాంట్లలో ఈ రెంటికీ మధ్య కన్ను తేడా పట్టలేదు. మొదటిదానిలో ఉన్నది అనుస్వారం, సంకేత సంఖ్య 3074. రెండవదానిలో ఉన్నది తెలుగు అంకె సున్న, సంకేత సంఖ్య 3174. సంకేతంలో ఒక్క అంకె తేడా. కాగితంపై రెండూ సంఘమే. వెతికితే మాత్రం రెండవది దొరకదు. అకారాది పట్టికలో తనకు చెందని చోట కూర్చుంటుంది. చూపులేనివారికి వచనాన్ని చదివి వినిపించే సాధనం ఆ చోట తడబడుతుంది. సంకేత సంఖ్యలతో టైపు చేసేవారికి ఇటువంటి పొరపాటు మరింత సులభం. అక్షరం పేరుతో కాక అంకెల వరుసతో జ్ఞాపకం పెట్టుకున్నవాడు ఒక అంకె తప్పితే, తప్పిందని చెప్పేందుకు కన్ను సాయపడదు.

4. పొల్లు

హెబ్రీ పదాలు చాలావరకు హల్లుతో ముగుస్తాయి. తెలుగు విభక్తి ప్రత్యయాలు చాలావరకు హల్లుతో మొదలవుతాయి. ఈ రెండూ కలిసిన చోట పొల్లు నిలవదు. ‘తోరాహ్’కు ‘లో’ చేరిస్తే కంప్యూటరు దానిని ‘తోరాహ్లో’ అని సంయుక్తాక్షరంగా కడుతుంది. మూల పదం ఎక్కడ ముగిసిందో, ప్రత్యయం ఎక్కడ మొదలైందో పాఠకునికి తెలియదు. కొందరు మధ్యలో ఖాళీ విడిచి ‘తోరాహ్ లో’ అంటారు. అది ప్రత్యయాన్ని పదం నుండి విరిచినట్టవుతుంది. పంక్తి చివర పడితే ‘లో’ ఒంటరిగా తరువాతి పంక్తికి జారుతుంది.

దీనికి యూనికోడ్‌లో ఒక అదృశ్య గుర్తు ఉన్నది. సంకేత సంఖ్య 8204. దానికి వెడల్పు లేదు, ఆకారం లేదు. పొల్లు తరువాత దానిని ఉంచితే తరువాతి హల్లు వత్తుగా మారక ‘తోరాహ్‌లో’ అని విడిగా నిలుస్తుంది. ఈ గుర్తును వాడడం మంచిదే. కాని ఒకే వ్యాసంలో ఒక పుటలో దానిని వాడి, మరొక పుటలో విడిచిపెట్టడం సాధారణమైంది. కొన్ని వెతికే సాధనాలు ఈ గుర్తును పట్టించుకోవు, మరికొన్ని పట్టించుకుంటాయి. రెండవ రకం సాధనంలో ఒక రూపాన్ని వెతికినవారికి మరొక రూపం కనబడదు. రచయిత ఏదో ఒక పద్ధతిని ఎంచుకొని మొదటి పుట నుండి చివరి పుట వరకు దానినే పాటించాలి.

5. ఒక పదం, పలు సంకేతాలు

యోహాను 1:1లోని లోగోస్ అనే పదాన్ని తీసుకుందాము. దానిలో స్వరచిహ్నంతో కూడిన ఓమిక్రోన్ ఉన్నది. ఈ ఒక్క అక్షరాన్ని మూడు విధాలుగా టైపు చేయవచ్చు. 972 సంఖ్యతో, 8057 సంఖ్యతో, లేదా చిహ్నం లేని ఓమిక్రోన్ (959) కొట్టి దాని వెంట స్వరచిహ్నాన్ని (769) చేర్చి. మూడూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది. సంకేతాలను ఏకరూపం చేసే ప్రక్రియ 8057ను 972గా మారుస్తుంది. అయితే ప్రతి ప్రోగ్రామూ ఆ ప్రక్రియను జరపదు. అప్పుడు విద్యార్థి లోగోస్‌ను వెతికితే తన వ్యాసంలోనే కొన్ని చోట్ల దొరికి, కొన్ని చోట్ల దొరకదు. ఆ లెక్కపై ఆధారపడి ‘ఈ పదం ఇన్నిసార్లు వచ్చింది’ అని రాస్తే ఆ వాక్యానికి ఏమి విలువ?

హెబ్రీలో ఇంకొక చిక్కు ఉన్నది. మసోరెతు పాఠంలో యెరూషలేము అనే పేరు కొద్ది చోట్ల తప్ప రెండవ యోద్ లేకుండా రాయబడింది. చదివేటప్పుడు మాత్రం ఆ యోద్ ఉన్నట్టే చదవాలి. అందుచేత లామెద్ అక్షరం క్రింద పతహ్, దాని వెంట హిరిక్, ఇలా రెండు అచ్చు గుర్తులు నిలుస్తాయి. పైన చెప్పిన ఏకరూప ప్రక్రియ ఈ రెండు గుర్తులనూ తన సొంత క్రమంలో పేర్చి, హిరిక్‌ను ముందుకు తెస్తుంది. దానితో చదివే క్రమం తారుమారవుతుంది. పరిశుద్ధ పట్టణం పేరే ఇలా చెదరకుండా ఉండాలంటే రెండు గుర్తుల మధ్య 847 సంఖ్యగల మరొక అదృశ్య గుర్తును ఉంచాలి. అప్పుడు అచ్చులు తమ తమ స్థానాల్లో నిలుస్తాయి. ఒక్కొక్క గుర్తునూ సంకేత సంఖ్యతో రప్పించి తెరమీద చూసి తృప్తిపడేవారికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. ఫైలు మరొక కంప్యూటరుకు చేరి అక్కడ ఏకరూపమైన తరువాతే అది బయటపడుతుంది.

6. ఆక్షేపణలు

ఇక్కడ మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: సంఘ కాపరికి కావలసినది సందేశం, అర్ధవలయాలు కావు. ఇందులో సత్యం ఉన్నది. వాదనకు అవసరం లేని చోట హెబ్రీ పదాలను పుటల మీద చల్లడం పాండిత్య ప్రదర్శన తప్ప మరొకటి కాదు. అలాంటి పదాలను తీసివేయడమే వాటికి చేయగల మంచి దిద్దుబాటు. కాని మూల పదంపైనే వాదన నిలబడిన చోట, ఆ పదం సరిగా ఉండడం పాఠకునికి మనం చెల్లించవలసిన ఋణం. మూలభాషలు నేర్చుకునే అవకాశం లేని గ్రామ సంఘ కాపరి మన తెలుగు పుటను నమ్మి ఆదివారం ప్రసంగిస్తాడు. సరిచూసుకోగల వానికంటె సరిచూసుకోలేని వానికే మన ఖచ్చితత్వం ఎక్కువ అవసరం.

రెండవది: పూర్వం టైపురైటరు మీద ఖాళీ విడిచి, హెబ్రీని చేతితో రాసేవారు, అప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకు? చేతితో రాసినవాడు ప్రతి అక్షరాన్నీ తెలిసి రాశాడు. దాలెత్‌కూ రేష్‌కూ మధ్య ఉన్న చిన్న కొమ్మును అతని వేలు స్వయంగా గీసింది. ఆ కొమ్ము విలువ 2 సమూయేలు 8:13లో చూడవచ్చు. అక్కడ మసోరెతు పాఠంలో అరాము అని ఉంటే, 1 దినవృత్తాంతములు 18:12లో ఎదోము అని ఉన్నది. హల్లులు మాత్రమే రాసిన హెబ్రీలో ఈ రెండు పేర్లకూ తేడా రేష్, దాలెత్‌ల మధ్యనే. సంకేత సంఖ్య కొట్టేవాని వేలికి ఈ జ్ఞానం లేదు. సౌకర్యం పెరిగిన కొలది శ్రద్ధను మరొక చోట నుండి తెచ్చుకోవలసి ఉంటుంది.

మూడవది: తెలుగు లిపిలోనే కొత్త గుర్తులు చేర్చుకుంటే సరిపోదా? ఇది ఆలోచించదగినదే. ౘ, ౙ అక్షరాలు 2008లో యూనికోడ్ 5.1తో ప్రవేశించాయి. అన్య భాషా ధ్వనులకు అక్షరం క్రింద ఉంచే నుక్తా గుర్తు 2021లో 14.0తో తెలుగుకు వచ్చింది. అయితే యూనికోడ్‌లో సంఖ్య ఉన్నంత మాత్రాన ప్రతి ఫాంటులోను ఆకారం ఉండదు. పాఠకునికి అలవాటు అసలే ఉండదు. ఆలెఫ్, అయిన్‌ల తేడా వాదనకు ముఖ్యమైన చోట తెలుగు పదానికి ముందు 702, 703 గుర్తులను ఉంచి, మొదటిసారి వాడినప్పుడు ఒక వాక్యంలో వివరిస్తే చాలు. తక్కిన చోట్ల సాదా తెలుగు లిప్యంతరీకరణే మేలు.

7. కొన్ని సూచనలు

ఒకటి, సంకేత సంఖ్య ఒంటరి గుర్తులకే తగును. ఒక పదమో వాక్యమో టైపు చేయాలంటే ఆ భాష కీబోర్డునే అమర్చుకొని నేర్చుకోవాలి. స్వరచిహ్నాలు గల గ్రీకు కీబోర్డు విండోస్‌లోనే ఉన్నది. బైబిలు హెబ్రీకి ఎస్‌బీఎల్ హెబ్రీ వంటి ఫాంట్లు, వాటికి తగిన కీబోర్డులు ఉన్నాయి. హెబ్రీ నేర్చుకునే విద్యార్థికి వర్ణమాలతో పాటే కీబోర్డు కూడా నేర్పితే రెండూ ఒకదానికొకటి తోడ్పడతాయి.

రెండు, తరచుగా కావలసిన నాలుగైదు గుర్తులకు వర్డ్‌లోని సింబల్ పెట్టె ద్వారా సొంత మీటలు కేటాయించుకోవచ్చు. ప్రతిసారి సంఖ్యను జ్ఞాపకం చేసుకోవలసిన పని తప్పుతుంది, అంకె తప్పే ప్రమాదమూ తప్పుతుంది.

మూడు, ఆల్ట్, ఎక్స్ మీటల కలయిక రెండు వైపులా పనిచేస్తుంది. అనుమానం ఉన్న అక్షరం తరువాత కర్సరు నిలిపి నొక్కితే దాని సంకేతం బయటపడుతుంది. మరల నొక్కితే అక్షరం తిరిగి వస్తుంది. ఇది పాఠ విమర్శకుని చేతి భూతద్దం వంటిది. సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు కనీసం కీలక పదాలనైనా ఈ విధంగా పరీక్షించాలి. పర్యవేక్షకులు కూడా అచ్చు ప్రతితో తృప్తిపడక ఫైలును అడిగి చూడాలి.

నాలుగు, ఉద్ధరణ చిహ్నాలను దిద్దే స్వయంచాలక ఏర్పాటును రోమన్ లిప్యంతరీకరణ రాసే ఫైళ్లలో నిలిపివేయాలి.

ముగింపు

మసోరెతు లేఖకులు అక్షరాలను లెక్కపెట్టారు, అరుదైన రూపాలను అంచులలో గుర్తించారు. అర్థమయ్యే చోట మాత్రమే కాదు, తమకు అర్థం కాని చోట కూడా ఉన్నది ఉన్నట్టు నిలిపారు. 1008 ప్రాంతపు లెనిన్‌గ్రాడ్ ప్రతి మనకు అందినది, దానిపై ఆధారపడిన ముద్రిత హెబ్రీ బైబిలు మన విద్యార్థుల బల్లల మీద ఉన్నది ఆ శ్రద్ధ వలననే. వారి పాఠాన్ని మన వ్యాసాలలో ఉదహరించేటప్పుడు వారి శ్రద్ధలో కొంతైనా మన వేళ్లకు అలవడాలి. తెలుగు వేదాంత సాహిత్యం ఇప్పుడు ఫైళ్ల రూపంలోనే పోగవుతున్నది; రేపటి పరిశోధకులు మన వాక్యాలను కన్నుతో కంటె ముందు యంత్రంతో వెతుకుతారు. అప్పుడు ‘సంఘం’ అని వెతికిన వానికి మన సంఘం దొరకాలి, వెలుగు అని రాసిన చోట వెలుగే ఉండాలి.